సీఆర్వోకి ఎర్త్ పిన్ను పీకేయమంటున్నారు మా మామయ్య

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 23. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, రెండేళ్లుగా కొర్లగుంటలో మేనమామ రిపేరు షాపులో పనిచేస్తున్నారు. ఇండక్షన్ స్టవ్‌లు, ఇన్వర్టర్లు, టీవీ పవర్ బోర్డులు ఎక్కువగా వస్తాయట. వేసవిలో చుట్టుపక్కల పల్లెల వాళ్లు బోరు మోటారు స్టార్టర్లు, సోలార్ పంపు కంట్రోలర్లు కూడా తెస్తారట. ఈమె పోరు పడలేక మామయ్య ఆరు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో రెండు చానెళ్ల డిజిటల్ ఆసిలోస్కోప్ కొన్నారు. వోల్టేజీ ఎలా మారుతోందో తెర మీద అలగా గీసి చూపించే పరికరం అది, స్కోప్ అని కూడా అంటారు. పాత అలవాటు కొద్దీ ఆయన దాన్ని సీఆర్వో అనే అంటారు.

మొదటి ప్రమాదం ఒక ఇండక్షన్ స్టవ్ దగ్గర జరిగింది. కొలవాల్సిన చోట మొన ఆనించే తీగ, అంటే ప్రోబ్, దానికి ఉండే క్లిప్పును బ్రిడ్జి రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల భాగం) మైనస్‌కి తగిలించారు. బోర్డుకి గ్రౌండ్ అదే కదా అనుకున్నారు. స్విచ్ వేయగానే పెద్ద చప్పుడు, మెరుపు. క్లిప్పు తీగ మాడిపోయింది, బ్రిడ్జి పగిలింది, షాపంతా ట్రిప్ అయింది. మామయ్య ఒక్క మాట అనలేదు. "సీఆర్వోకి ఎర్త్ ఉంటే ఇట్లానే అవుతుంది, ఆ పిన్ను పీకేయ్" అని ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి ఇచ్చారు.

రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఇంకో స్టవ్‌లో ఐజీబీటీ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) కలెక్టర్ కాలు దగ్గర అల ఎలా ఉందో చూద్దామని ప్రోబ్ పెట్టారు. ప్రోబ్ మీది మీట 1ఎక్స్‌లో, అంటే వోల్టేజీని తగ్గించకుండా పంపే చోట ఉంది (10ఎక్స్ అయితే పదో వంతు, 100ఎక్స్ అయితే నూరో వంతు చేసి పంపుతుంది). గీత స్క్రీన్ దాటి పోయి కనబడలేదు. సర్దుదామని చెయ్యి చాపితే, ప్రోబ్ బిగించే ఇనుప కనెక్టరు వేలికి తగిలి షాక్ కొట్టింది. స్టూలు మీద నుంచి వెనక్కి పడ్డారు. గాయాలేమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి చానెల్ 1లో అడ్డగీత తప్ప ఏమీ రావడం లేదు. ఆ సంగతి మామయ్యకి చెప్పకుండా చానెల్ 2తో నెట్టుకొస్తున్నారు. షాక్ కొట్టిందని మాత్రం చెబితే ఆయన నవ్వి, "ఇరవై ఏళ్లుగా లైవ్‌లోనే పనిచేస్తుండా. షాక్ తగలకుండా ఎవుడు మెకానిక్ అయినాడు?" అన్నారట.

ఆమె అడిగినవి ఆమె మాటల్లోనే ఇస్తున్నాను. "స్కోప్ మీద 300 వోల్టులు అని అచ్చు వేసి ఉంది. మనకు వచ్చే కరెంటు 230. మరి ఎందుకు పోయింది? నా దగ్గర 9 వేలు ఉన్నాయి. 100ఎక్స్ ప్రోబ్ కొంటే ఈ బాధ తీరుతుందా? చానెల్ పోయిందని మామయ్యకి ఎలా చెప్పాలి? రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో టెస్టింగ్ పని ఉందని ఫ్రెండ్ పిలుస్తోంది. అమ్మేమో, నాయన పోయినాక మనల్ని ఆదుకున్న మనిషిని వదిలిపోతావా అంటోంది. ప్రోబ్ పట్టుకుంటే ఇప్పుడు చెయ్యి వణుకుతోంది."

*

ముందు మీ చెయ్యి సంగతి. ఆ రెండు పిన్నుల కన్వర్టర్ ఇంకా ప్లగ్గుకే ఉందని మీ ఉత్తరంలో నాలుగో పేజీలో ఉంది. మిమ్మల్ని కింద పడేసిన ప్రమాదం ఈ రోజుకీ అదే టేబుల్ మీద ఉంది. చెయ్యి వణకడంలో వింతేముంది? ఇది చదవడం పక్కన పెట్టి, వెళ్లి ఆ కన్వర్టర్ తీసేసి రండి. మిగతావన్నీ మీరు ఆలోచించుకుని తేల్చుకోవలసినవే. ఈ ఒక్కదానిలో మాత్రం నేను రెండో దారి చూపించలేను. షాక్ తర్వాత గుండె దడ, ఛాతీలో నొప్పి లాంటివి ఎప్పుడైనా అనిపించి ఉంటే డాక్టరుకి చూపించుకుని ఈసీజీ కూడా తీయించుకోండి.

ఇక అసలు విషయం. మీకు జరిగినవి రెండు వేర్వేరు ప్రమాదాలు. మీరు రెండింటినీ కలిపి "వోల్టేజీ ఎక్కువైంది" అని ఒకే పేరు పెట్టుకున్నారు. అందుకే 100ఎక్స్ ప్రోబ్‌తో అంతా సరిపోతుందా అని అడుగుతున్నారు. అది రెండో ప్రమాదానికి మందు. మొదటి దానికి పనిచేయదు.

మొదటి ప్రమాదంలో వోల్టేజీ ఎంత అన్నది లెక్కలోకే రాదు. ప్రోబ్ క్లిప్పు నేరుగా స్కోప్ లోపలి చాసిస్‌కి (లోహపు చట్రానికి), అక్కడి నుంచి మూడో పిన్ను ద్వారా షాపు ఎర్త్‌కి కలిసి ఉంటుంది. క్లిప్పు ఎక్కడ పెడితే అక్కడ భూమికి ఒక తీగ వేసినట్టే. స్టవ్ బోర్డులో బ్రిడ్జి మైనస్‌ని గ్రౌండ్ అని గీస్తారు గానీ, దానికీ భూమికీ సంబంధం లేదు. ఫేజ్ మైనస్ వైపు తిరిగే ప్రతి అరచక్రంలోనూ ఆ బ్రిడ్జి మైనస్ ఒక డయోడ్ ద్వారా నేరుగా ఫేజ్‌కే అతుక్కుంటుంది. అంటే మీరు ఒక్క డయోడ్‌ని మధ్యలో పెట్టి ఫేజ్‌ని ఎర్త్‌కి షార్ట్ చేశారు. డయోడ్ పగిలింది, సన్నటి క్లిప్పు తీగ మాడింది. ప్రోబ్ మొన బోర్డుకి తగలకపోయినా ఇదే జరిగేది. 10ఎక్స్ అయినా, 100ఎక్స్ అయినా మొన వైపు దారిలోనే రెసిస్టరు ఉంటుంది. క్లిప్పు వైపు ఏమీ ఉండదు.

ఎర్త్ పిన్ను తీసేస్తే ఆ షార్ట్ ఆగుతుంది, నిజమే. ఆగినట్టు కనబడటం వల్లే మీ మామయ్య మాట సరైనదనిపించింది. కానీ అప్పుడు స్కోప్ చాసిస్ మొత్తం బ్రిడ్జి మైనస్‌తో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. ప్రోబ్ బిగించే కనెక్టరు, పక్కన యూఎస్‌బీ సాకెట్టు చుట్టూ ఉన్న రేకు, వెనక స్క్రూలు, అన్నీ భూమితో పోలిస్తే 325 వోల్టుల దాకా వెళ్లివస్తుంటాయి. మీ వేలికి తగిలింది అదే. ఒక చెయ్యి కనెక్టరు మీద, ఇంకో చెయ్యి ఎర్త్ ఉన్న ఇనుప టేబుల్ మీద ఉండి ఉంటే మీ ఉత్తరం నాకు వచ్చేది కాదేమో. ఈ మాట రాయడానికి నాకే కష్టంగా ఉంది. అయినా మీకు తెలియాలి.

మీ మామయ్య ఇరవై ఏళ్లుగా అంటున్న మాట గురించి కూడా ఇక్కడే చెప్తాను. ఆయన అబద్ధమాడటం లేదు, గొప్పలకు పోవడం లేదు. ఆయన ఇరవై ఏళ్లూ పట్టుకున్నది మల్టీమీటర్. అది బ్యాటరీతో నడుస్తుంది, ఒళ్లంతా ప్లాస్టిక్, దానికి ఎర్త్ అన్నదే లేదు. నల్లతీగ ఎక్కడ పెట్టినా ఏమీ కాదు. పాత కలర్ టీవీల్లోనూ చాసిస్ లైవ్‌గానే ఉండేది, పిక్చర్ ట్యూబుకి వేల వోల్టులు వెళ్లేవి. వాటి మధ్య బతికి బయటపడ్డారంటే ఆయన దగ్గర క్రమశిక్షణ ఉన్నట్టే. లైవ్ బోర్డు మీద పనిచేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకుంటారని మీరే రాశారు. అది బంగారం లాంటి అలవాటు, ఆయన దగ్గర నేర్చుకోండి. ఆయనకి తెలియనిది ఒక్కటే, మల్టీమీటర్ నల్లతీగా స్కోప్ క్లిప్పూ ఒకటి కావని. అది చెప్పే మనిషి ఇన్నాళ్లూ ఆయనకి దొరకలేదు.

రెండో ప్రమాదానికి వస్తాను. ఇక్కడే మీరు అడిగిన 300 వోల్టుల ప్రశ్న ఉంది. 230 అనేది ఆర్‌ఎంఎస్ లెక్క, అంటే ఊగే అలకి ఒక రకం సగటు. అల శిఖరం 230ని 1.414తో హెచ్చిస్తే 325 వోల్టులు. కింది శిఖరం నుంచి పై శిఖరానికి 650. మీ స్కోప్ మీద 300 అన్నది కూడా ఆర్‌ఎంఎస్సే అయితే ఇంతవరకు హద్దులోనే ఉన్నారు. కానీ మీరు ప్రోబ్ పెట్టింది మెయిన్స్ మీద కాదు, కలెక్టర్ మీద. మనం వాడే మామూలు ఇండక్షన్ స్టవ్‌లో ఒకే ఐజీబీటీ ఉంటుంది. అది ఆఫ్ అయిన క్షణంలో రాగి కాయిల్, దాని పక్కనున్న రెజొనెన్స్ కెపాసిటర్ కలిసి ఉయ్యాల ఊగుతాయి. ఆ ఊపులో కలెక్టర్ వోల్టేజీ వెయ్యి వోల్టుల దరిదాపులకు లేస్తుంది, సెకనుకి ఇరవై వేల సార్లకు పైగా. అందుకే ఆ చోట 1200, 1350 వోల్టుల ఐజీబీటీలు వేస్తారు. మీరు మార్చిన పాత దాని మీద నంబరు చూసి డేటాషీట్ తీయండి, కనిపిస్తుంది. గోడ సాకెట్టులో 230 ఉంది కాబట్టి బోర్డులో ఎక్కడా అంతకు మించి ఉండదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కాయిల్ ఉన్న ఏ బోర్డులోనైనా ఇలాంటి చోటు ఒకటి ఉండొచ్చు. చివరికి స్టార్టర్‌లో చిన్న రిలే కాయిల్ కూడా డయోడ్ లేకపోతే ఆఫ్ అయ్యేటప్పుడు తన వోల్టేజీకి ఎన్నో రెట్లు వెనక్కి తంతుంది.

ఆ వెయ్యి వోల్టులు 1ఎక్స్‌లో, అడ్డు లేకుండా నేరుగా లోపలికి వెళ్లాయి. మీట 10ఎక్స్‌లో ఉంటే ప్రోబ్ మొనలోని 9 మెగా ఓములు, స్కోప్ లోపలి 1 మెగా ఓమ్ కలిసి పంచుకునేవి, స్కోప్‌కి 100 వోల్టులే వెళ్లేవి. స్కోప్ బతికేది. కానీ మామూలు 10ఎక్స్ ప్రోబ్ తట్టుకునేది ఎక్కువగా 600 వోల్టుల వరకే, అదీ తక్కువ ఫ్రీక్వెన్సీలో. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. అందుకని ఆ చోటికి 10ఎక్స్ కూడా చాలదు.

ఇంకో మాట. గీత స్క్రీన్ దాటి పోయినప్పుడు మీరు గడి సర్దబోయారు. స్క్రీన్ హద్దు వేరు, పరికరం తట్టుకునే హద్దు వేరు. మీ స్కోప్‌లో గడికి 5 వోల్టులే గరిష్ఠం అన్నారు, నిలువునా 8 గడులు, అంటే 1ఎక్స్‌లో 40 వోల్టులకి మించి కనబడదు. 60 వోల్టులు ఇస్తే గీత పైన తెగిపోతుంది, అంతే, స్కోప్‌కి ఏమీ కాదు. తెగిన అలను చూసి కొలతలు రాసుకుంటే తప్పు అవుతుంది గానీ ప్రమాదం లేదు. చిక్కేమిటంటే 60 వోల్టులకీ వెయ్యి వోల్టులకీ స్క్రీన్ మీద తేడా తెలియదు. రెండింటికీ గీత మాయమవుతుంది. అందుకని గీత కనబడకపోతే ముందు స్టవ్ స్విచ్ ఆపాలి. మీట తర్వాత. ఏసీ కప్లింగ్ (డీసీ భాగాన్ని ఆపి ఊగే భాగాన్నే చూపించే అమరిక) పెడితే కాపాడుతుందని కొందరు అనుకుంటారు. అది స్క్రీన్ మీద గీతను కిందికి దించుతుందే తప్ప లోపలికి వచ్చే వోల్టేజీకి ఇచ్చిన హద్దును పెంచదు.

ఇప్పుడు చానెల్ 1 నిజంగా పోయిందో లేదో చూద్దాం. మీరు ప్రోబ్ మార్చి చూశానని ఎక్కడా రాయలేదు. పోయింది ప్రోబే కావచ్చు. చానెల్ 2కి వాడుతున్న మంచి ప్రోబ్‌ని చానెల్ 1కి బిగించి, స్కోప్ ముందు భాగంలో ప్రోబ్ సరిచూసుకోవడానికి ఇచ్చే చిన్న కొక్కేనికి తగిలించండి. అక్కడ 1 కిలోహెర్ట్‌జ్ చదరపు అల వస్తుంది. అది సరిగ్గా కనిపిస్తే మీ గుండె బరువు సగం దిగినట్టే. కనిపించకపోతే, ప్రోబ్ తీసేసి, స్కోప్ ఆన్‌లో ఉంచి, డీసీ కప్లింగ్ పెట్టి, మల్టీమీటర్ ఓముల్లో పెట్టి ఆ కనెక్టరు నడిమి సూదికీ బయటి రింగుకీ మధ్య కొలవండి. 1 మెగా ఓమ్ దగ్గర రావాలి. పూర్తిగా తెగినట్టో, బాగా తక్కువగానో చూపిస్తే లోపల ముందు వరుసలో ఉన్న రెసిస్టర్లో, వాటి వెనక ఉండే రక్షణ భాగాలో పోయినట్టు. మీలాంటి చెయ్యి తిరిగిన వాళ్లు మార్చగలిగేవే అవి. మార్చాక రెండు చానెళ్లకీ ఒకే అల ఇచ్చి పోల్చి చూసుకోవాలి.

కొలిచే దారుల మాటకొస్తే, మీ షాపుకి వచ్చే పనిని బట్టి నాలుగైదు ఉన్నాయి. దేని సుఖం దానిది, దేని ఇబ్బంది దానిది.

మొదటిది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. 230 ఇస్తే 230 వచ్చేది, రెండు చుట్లూ వేర్వేరుగా ఉండేది. ఎర్త్ తెంచాల్సింది స్కోప్‌కి కాదు, రిపేరుకి వచ్చిన బోర్డుకి. బోర్డుని ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా నడిపితే దానికి భూమితో సంబంధం పోతుంది. అప్పుడు క్లిప్పు బ్రిడ్జి మైనస్‌కి పెట్టినా షార్ట్ కాదు, స్కోప్ ఎర్త్‌తోనే క్షేమంగా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్లని అడిగితే చుట్టి ఇస్తారు. టీవీ బోర్డులకి, చిన్న ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లైలకి 200, 300 వీఏ సరిపోతుంది. 2,000 వాట్ల స్టవ్‌ని పూర్తి వేడి మీద నడపాలంటే మాత్రం చాలా పెద్ద, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఒక జాగ్రత్త. షాపులో ఉన్న వేరియాక్ (వోల్టేజీని తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్), స్టెబిలైజర్ ఈ పనికి రావు. వాటిలో ఒకే చుట్టు ఉంటుంది, ఫేజ్ అటు నుంచి ఇటు నేరుగా వస్తుంది. ఇంకొకటి, ఐసొలేషన్ తర్వాత రెండు తీగలు పట్టుకుంటే మీ ఆర్‌సీసీబీ (కరెంటు భూమికి కారితే ఆపేసే స్విచ్) ట్రిప్ అవ్వదు. భూమి దారి లేదు కాబట్టి దానికి తెలియదు. మామయ్య జేబులో చెయ్యి అక్కడ కూడా అవసరమే. రెండు చానెళ్లు వాడితే రెండు క్లిప్పులూ ఒకే చోట పెట్టాలి, లోపల రెండూ ఒకటే కాబట్టి.

రెండోది పైసా ఖర్చు లేని పద్ధతి. రెండు ప్రోబ్‌లూ 10ఎక్స్‌లో పెట్టి, రెండు క్లిప్పుల్నీ ఒకదానికొకటి తగిలించి బోర్డుకి దూరంగా వదిలేసి, ఒక మొన ఒకచోట, ఇంకో మొన ఇంకోచోట పెట్టి, స్కోప్ మెనూలో చానెల్ 1లోంచి చానెల్ 2 తీసివేయమనడం. క్లిప్పు దేనికీ తగలదు కాబట్టి షార్ట్ అన్న మాటే లేదు. రెండు ప్రోబ్‌లనూ ఒకేలా సర్దుకోవాలి, రెండు చానెళ్లకీ గడి ఒకటే ఉండాలి, ఏ ఒక్క గీతా స్క్రీన్ దాటకూడదు. దాటితే తీసివేత తప్పొస్తుంది. డీసీ బస్సు (బ్రిడ్జి తర్వాత వచ్చే డీసీ) చూడటానికి ఇది చాలు. పెద్ద వోల్టేజీ మీద కూర్చున్న చిన్న గేటు పల్సు చూడాలంటే నమ్మలేం. చానెల్ 1 బాగుపడే దాకా ఇది మీకు అందదు.

మూడోది మీరు అడిగిన 100ఎక్స్ ప్రోబ్. అందులో 99 మెగా ఓములు ఉంటాయి, వెయ్యి వోల్టులు స్కోప్‌కి 10 వోల్టులై వస్తాయి. 1,500, 2,000 వోల్టులు తట్టుకునేవి దొరుకుతాయి. ఐజీబీటీ కలెక్టర్ చూడటానికి మీకు సరైనది అదే. అయితే పైన చెప్పినట్టు బోర్డు ఐసొలేషన్ మీద ఉంటేనే. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇదొక్కటే కొంటే మొదటి ప్రమాదం మళ్లీ జరుగుతుంది, ఈసారి ఖరీదైన ప్రోబ్‌తో.

నాలుగోది డిఫరెన్షియల్ ప్రోబ్. రెండు తీగలు, రెండూ ఎక్కడ పెట్టినా సరే, ఎర్త్ గొడవ లేదు, వోల్టేజీని తనే భాగించి ఇస్తుంది. వారంలో నాలుగు రోజులు లైవ్ పవర్ బోర్డులే చూసే షాపుకి ఇది నిజమైన సమాధానం. ధర మాత్రం మీ 9 వేలతో తేలేది కాదు. ఇది మీ జీతంలోంచి కొనాల్సిన వస్తువు కూడా కాదని నా అభిప్రాయం. షాపు పనిముట్టు షాపు కొనాలి.

ఇంట్లో రెసిస్టర్లతో చేసుకునే డివైడర్ గురించి కూడా అడిగారు. ఐసొలేషన్ మీద ఉన్న బోర్డులో డీసీ బస్సు లాంటి నిదానపు వోల్టేజీకి చేసుకోవచ్చు. కానీ ఒకే పెద్ద రెసిస్టరు పెట్టకండి. మామూలు పావు వాటు రెసిస్టరు కాలకపోయినా, దాని చివరల మధ్య 250 వోల్టులకి మించి తట్టుకోవడానికి చేసింది కాదు. 1 మెగా ఓమ్‌వి పది వరుసగా కలిపి, కింద 100 కిలో ఓములు పెడితే 600 వోల్టులకి ఒక్కోదాని మీద 60 పడుతుంది. లెక్క ప్రకారం 101 వంతుల్లో ఒక వంతు రావాలి, అంటే 5.94 వోల్టులు. స్కోప్‌తో చూస్తే 5.4 వస్తుంది. స్కోప్ సొంత 1 మెగా ఓమ్ ఆ 100 కిలో ఓములకి పక్కన చేరి దాన్ని 91 కిలో ఓములు చేస్తుంది కాబట్టి. ఇది తెలియక బోర్డులో వోల్టేజీ తక్కువుందని మంచి కెపాసిటర్లు మార్చినవాళ్లని చూశాను. ఆ కింది రెసిస్టరు టంకం ఊడిందంటే పరికరం మీద పడే వోల్టేజీ ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకే కింద రెండు 200 కిలో ఓములవి పక్కపక్కన వేయండి. వేగంగా మారే అలలకి ఈ డివైడర్ పనికిరాదు. ప్రోబ్‌లో ఉండే చిన్న సర్దుబాటు కెపాసిటర్ దీనికి ఉండదు, అల ఆకారం పాడవుతుంది.

చివరిది, అసలు స్కోప్ పెట్టకపోవడం. స్టవ్ చెడిపోవడంలో ఎక్కువ సంగతులు కరెంటు తీసేసి ఓముల్లోనే బయటపడతాయి. గేటు డ్రైవ్ సంగతి చూడాలంటే కాయిల్ తీసేసి, బెంచి సప్లై నుంచి 18 వోల్టులు ఇచ్చి చూడొచ్చు. మిగతావాటికి సిరీస్ బల్బు (బోర్డుకి వెళ్లే కరెంటు దారిలో పెట్టే బల్బు) ఉండనే ఉంది. ఇక మూడు ఫేజుల స్టార్టర్ ప్యానెల్లో 415 వోల్టులంటే శిఖరం 587. అక్కడికి, సోలార్ ప్యానెళ్ల డీసీ దగ్గరికి స్కోప్ అసలు తీసుకుపోకండి. క్యాట్ 3 (మీటరు భద్రతా తరగతి) అని రాసి ఉన్న మంచి మల్టీమీటర్, క్లాంప్ మీటర్ చాలు. సోలార్ డీసీ మెయిన్ స్విచ్ ఆపినా ప్యానెల్ వైపు ఎండ ఉన్నంతసేపూ బతికే ఉంటుంది. ఏ బోర్డునైనా కరెంటు తీశాక పెద్ద కెపాసిటర్‌ని 230 వోల్టుల ఫిలమెంట్ బల్బుతో ఖాళీ చేసి, మీటరుతో చూసి, అప్పుడే చెయ్యి పెట్టండి.

మీరు తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లేటప్పుడు గాదంకి దారిలోనే వెళ్తారు. పై వాతావరణాన్ని పరిశీలించే అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో 1024 యాగీ యాంటెనాల మైదానం ఉంది. 53 మెగాహెర్ట్‌జ్ దగ్గర పెద్ద శక్తితో (మొదట కట్టినప్పుడు శిఖరంలో 2.5 మెగావాట్లు) పల్సు పైకి వెళ్లేదీ, పైనున్న గాలి నుంచి తిరిగొచ్చే అతి సన్నని ప్రతిధ్వనిని పట్టేదీ ఆ యాంటెనాలే. ఇలాంటి రాడార్లలో పల్సు వెళ్లే క్షణంలో రిసీవర్‌ని దారిలోంచి తప్పించడానికి ప్రత్యేకంగా స్విచ్చులు ఉంటాయి. మెగావాట్లు తట్టుకునే రిసీవర్ చేద్దామని ఎవరూ పూనుకోరు. మీ స్కోప్‌నీ అలాగే చూడండి. పక్కకి ఎలా తప్పించాలో ముందు ఆలోచిస్తే, ఎంత తట్టుకుంటుందన్న ప్రశ్న చాలాసార్లు అవసరమే పడదు.

ఇక మామయ్యకి చెప్పడం. నేను కొలత పరికరాలు బాగుచేసే బెంచీ మీద ఇరవై ఎనిమిదేళ్లు కూర్చున్నాను. పనిలో చేరిన రెండో ఏడు, 5 వోల్టులు దాటకూడని 50 ఓముల ఇన్‌పుట్‌కి 24 వోల్టులు ఇచ్చి కాల్చేశాను. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు నా సీనియర్ అదే పరికరం పెట్టి, గీత కదలలేదు కాబట్టి కరెంటు లేదనుకుని ఒక యాంప్లిఫయర్‌లో చెయ్యి పెట్టారు. చెయ్యి కాలింది. బతికారు. ఆ రోజు ఆయన ముందు నిలబడి నిజం చెప్పడం, మొదటి రోజే చెప్పడం కంటే నూరు రెట్లు కష్టమైంది.

అందుకే అడుగుతున్నాను. మీరు షాపులో లేని పూట మామయ్య చానెల్ 1కి ప్రోబ్ పెడితే ఆయనకి కనబడేది ఏమిటి? అడ్డగీత. అడ్డగీత అంటే ఆయన భాషలో ఇక్కడ కరెంటు లేదు అని. మీరు దాస్తున్నది డబ్బు నష్టం ఒక్కటే అయితే, ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టమని వదిలేసేదాన్ని. ఇది అలా కాదు. చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవడానికి రెండు రోజులు పట్టినా, ఆ కనెక్టరు మీద ఈ సాయంత్రమే "పనిచేయదు" అని ఒక టేపు అతికించండి.

చెప్పే పద్ధతులు రెండు ఉన్నాయి. ఇంట్లో అమ్మ ముందు చెప్తే రక్షణగా ఉంటుందనిపించవచ్చు. కానీ అక్క ముందు తన పద్ధతి తప్పని తేలడం మామయ్యకి చిన్నతనంగా తోచి, మాట మొండికి తిరగవచ్చు. షాపులో, గిరాకీ లేని మధ్యాహ్నం, బెంచీ దగ్గరే చెప్తే అది ఇద్దరు మెకానిక్‌ల మాటగా ఉంటుంది. ముందు మీ తప్పు చెప్పండి, మీట 1ఎక్స్‌లో మరచిపోయానని. తర్వాత పిన్ను సంగతి. మాటలతో కుదరకపోతే మీటరుతో చూపించండి. మీరు తీసేసిన ఆ కన్వర్టర్‌ని ఆయన కళ్లముందే ఒక్కసారి తగిలించి, అంతా ఆఫ్‌లో ఉండగా క్లిప్పుని బ్రిడ్జి మైనస్‌కి పెట్టి, మామయ్య నమ్మే మల్టీమీటర్‌ని ఏసీ 750లో ఉంచి, ఒక తీగ స్కోప్ కనెక్టరు రింగుకీ, ఇంకోటి గోడ సాకెట్టు ఎర్త్‌కీ క్లిప్పులతో బిగించండి. ఇద్దరూ రెండడుగులు వెనక్కి జరిగి అప్పుడు స్విచ్ వేయండి. మామూలుగా వంద దాటిన అంకె కనబడుతుంది. తీసేటప్పుడు కూడా స్విచ్ ఆపాకే, కన్వర్టర్‌తో సహా. ఆయన మీటరు చెప్పిన మాటని ఆయన కాదనరు. ఇది చేయడానికి చెయ్యి వణుకుతుంటే చేయొద్దు. ఈ పేజీ చదివి వినిపించినా చాలు.

అప్పటికీ ఆయన "ఏం కాదులే" అని పిన్ను పీకితే, లైవ్ బోర్డుకి స్కోప్ పెట్టే పని మీరు చేయనని చెప్పొచ్చు. షాపు మానక్కర్లేదు. టంకం పని, ఓముల్లో వెతికే పని, స్టార్టర్ల పని మీవే అంటే ఆయన కాదంటారనుకోను. రేణిగుంట ఉద్యోగంలో నెల జీతం, ఎర్త్ సరిగా ఉన్న బెంచీలు, రాసిపెట్టిన టెస్టింగ్ పద్ధతులు ఉంటాయి. అక్కడ ఒకే రకం బోర్డు రోజంతా మీ ముందుకొస్తుంది. చచ్చిన బోర్డుని ముందేసుకుని, ఎందుకు చచ్చిందో వెతికే పని తక్కువ. మీ ఉత్తరంలో మూడు పేజీలు ఆ వెతుకులాట గురించే రాశారు, చాలా ఇష్టంగా రాశారు. అది చూసే ఈ మాట అంటున్నాను. అమ్మ మాటలోని కృతజ్ఞతకి విలువివ్వండి. కానీ రుణం తీర్చుకోవడానికి ఎర్త్ లేని స్కోప్ ముందు కూర్చోవాలని ఆవిడా కోరుకోరు, ఆ కన్వర్టర్ అంటే ఏమిటో ఆవిడకి తెలిస్తే.

9 వేలు ఇప్పుడే ఖర్చు పెట్టకండి. ప్రోబ్ మార్చి చూసి, చానెల్ 1 దగ్గర మీటరు ఎన్ని ఓములు చూపించిందో, స్కోప్ మోడల్ ఏమిటో రాయండి. 1 మెగా ఓమ్‌కి దగ్గరగా వచ్చి కూడా అల కనబడకపోతే లోపల ఎక్కడ వెతకాలో వచ్చే వారం చెప్తాను.